నెల్లూరులో దివ్యాంగులకు తెరచాప పడవల సంఘం: పడవ కొనేముందు తేల్చుకోవాల్సినవి

చెరువుగట్టు

అందరికీ నమస్కారం. నెల్లూరులో దివ్యాంగుల కోసం సెయిలింగ్ సంఘం పెడుతున్నాం. తొమ్మిది మందిమి ఉన్నాం. ఐదుగురు వీల్‌చైర్ వాడేవాళ్ళు, ఒకరికి చూపు లేదు, ఒకరికి వినపడదు. మోటారు బోటులో కూర్చోబెట్టి ఒక రౌండు కొట్టించి దించేయడం మా ఉద్దేశం కాదు. ఎక్కిన మనిషే చుక్కాని తిప్పాలి, తెరచాప తాడు లాగాలి. చేతిలో ఉన్న డబ్బుకి రెండు పడవలు వస్తాయని అంచనా. ఏ పడవ కొనాలి, యాడ దించాలి, ఎంతమంది సాయం కావాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

లంగరుతాడు

వరస తిరగేసి అడిగారన్నా. పడవ ఆఖరు. ముందు నీళ్ళు, ఆ తర్వాత గట్టు నుంచి పడవ దాకా మనిషి వెళ్ళే దారి, తర్వాత రెస్క్యూ బోటు, అప్పుడు పడవ. ఖర్చు కూడా ఆ వరసలోనే పెట్టాలి. పడవలు కొనేసి మనుషుల్ని చేతుల మీద ఎత్తి దించుకుంటూ పోతే మూడు నెలలకి ఎత్తేవాళ్ళ నడుములు పోతాయి, ఎత్తించుకునేవాళ్ళు మొహమాటపడి రావడం మానేస్తారు.

నీళ్ళ సంగతి. సోమశిల 78 టీఎంసీలు, కండలేరు 68 టీఎంసీలు, నీళ్ళకి లోటు లేదు. కానీ అవి సాగుకీ తాగడానికీ వదిలే జలాశయాలు. మట్టం నెలనెలా పడిపోతుంది, ఒడ్డు వెనక్కి జరిగిపోతుంది. జనవరిలో నీటి అంచున వేసిన రాంపు (వాలు దారి) ఏప్రిల్‌కి బురదలో ఉంటుంది. పైగా చుట్టూ గుట్టలు, గాలి ఒక దిక్కున నిలవదు. ఏదన్నా అయితే పెద్దాసుపత్రి దూరం.

నెల్లూరు చెరువు మీకు సరిపోతుంది. ఊళ్ళోనే ఉంది, అల ఉండదు, అంబులెన్స్ గట్టు దాకా వస్తుంది. రెండు చిక్కులున్నాయి. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగకి లక్షల్లో జనం ఆ ఒడ్డుకే వస్తారు. పండుగ రోజులూ, ముందూ వెనకా ఏర్పాట్ల రోజులూ పడవల మాట మర్చిపోవాలి. మొహర్రం ఏటా పదీ పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి క్యాలెండర్ ఏ ఏటికా ఏడు వేసుకోవాలి. రెండోది వలలు. చేపల సొసైటీ వాళ్ళని కలవకుండా నీళ్ళలో దిగొద్దు. కీల్ (పడవ అడుగు నుంచి నీళ్ళలోకి దిగే బరువైన రెక్క) వలకి తగులుకుంటే పడవ ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది, తెంపిన వలకి డబ్బులు కట్టడం ఒక ఎత్తు, పోయిన మాట ఒక ఎత్తు. ఏ వైపు వల వేస్తారో వాళ్ళతోనే చెప్పించుకుని, ఆ వైపు వదిలేసి, మీ హద్దుకి నారింజ రంగు బుయ్యలు (నీళ్ళ మీద తేలే గుర్తులు) కట్టుకోండి.

ఇంకో మాట: కీల్ పూర్తిగా దించితే మీటరు దాకా నీళ్ళు కావాలి. ఒకటిన్నర మీటరు లోతు లేని చోట తిప్పకండి. ఎండాకాలం ముందు వెదురుకి గుర్తులు గీసుకుని పాతిక చోట్ల గుచ్చి చూసి కాగితం మీద ఎక్కించుకుంటే ఒక పూట పని.

కొత్తపట్నం రేవు

ఒంగోలు వైపు నుంచి వచ్చేవాళ్ళకి మల్లవరం గుండ్లకమ్మ ప్రాజెక్టు హైవేకి దగ్గర. కానీ గేటు కొట్టుకుపోయి నీళ్ళు ఖాళీ అయిన సందర్భాలున్నాయి. ఇంజనీరింగ్ ఆఫీసులో ఆ నెల మట్టం అడగకుండా కార్యక్రమం పెట్టొద్దు.

అయినా సముద్రం పక్కన పెట్టుకుని చెరువులో పడవలేంటండీ? మైపాడు, కొత్తకోడూరు, తుమ్మలపెంట, మా కొత్తపట్నం, ఇన్ని బీచ్‌లున్నాయి. ఆదివారం జనం ఉంటారు, చూస్తారు, సంఘానికి పేరొస్తుంది.

లంగరుతాడు

పేరు సంగతి తర్వాత, ముందు మనిషి తిరిగి రావాలి గదా. మన బీచ్‌లన్నిటికీ ఎదురుగా బంగాళాఖాతం, అడ్డం ఏమీ లేదు. అల విరిగే పట్టీ దాటితే గానీ తెరచాప పనిచేయదు. ఆ పట్టీలో పడవ అడ్డం తిరిగితే ఈత వచ్చి కాళ్ళు పనిచేసేవాడు నిలబడి నడిచొస్తాడు. నడుము కింద పట్టులేని మనిషి మోకాలి లోతు నీళ్ళలో కూడా మునుగుతాడు. ఇక కృష్ణపట్నం ఉప్పుటేరు అంటారా, అక్కడ ఓడల రాకపోకలు, పోర్టు హద్దు, ఆటుపోటు ప్రవాహం. పోటు తేడా మీటరు లోపే కానీ ఏరు ఇరుకైన చోట ఆటు లాగే వేగం, గాలి లేనప్పుడు, మీ పడవ కంటే ఎక్కువ. బాగా నేర్చుకున్నాక చూడొచ్చు, ఇప్పుడు కాదు.

కొత్తపట్నం రేవు

ఒప్పుకున్నా.

పడమటిగాలి

గాలి గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా. నెల్లూరు సముద్రానికి ఇరవై కిలోమీటర్ల పైన లోపల ఉంది. అందువల్ల సముద్రపు గాలి ఊరికి ఆలస్యంగా వస్తుంది. మే, జూన్ నెలల్లో పొద్దున్నుంచీ పడమటి వడగాలి కొడతా ఉంటుంది. మధ్యాహ్నం దాటాక ఆ గాలి చచ్చిపోతుంది, కాసేపు ఆకు కదలదు, తర్వాత ఒక్కసారిగా తూర్పు, ఆగ్నేయం నుంచి అందుకుంటుంది. కొత్తవాళ్ళు దెబ్బతినేది ఆ కాసేపట్లోనే. గాలి పోయిందని తెరచాప మొత్తం విప్పుకుని తాడు బిగించి కూర్చుంటారు, కొత్త గాలి రెండో పక్క నుంచి కొడుతుంది, బూమ్ (తెరచాప కింది అంచున ఉండే అడ్డకర్ర) తల మీదుగా తిరుగుతుంది. గాలి చచ్చిపోయిందంటే తాడు వదులు చేసుకోవాలి, బిగించకూడదు.

జనవరి నుంచి మార్చి మంచి కాలం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం, వాయుగుండాలు. ఆ మూడు నెలలు పడవలు ఒడ్డున బోర్లించి కట్టేసి, మరమ్మతులూ క్లాసులూ పెట్టుకోండి. కృష్ణపట్నం పోర్టులో ఏ నంబరు హెచ్చరిక ఎగరేసినా ఆ రోజుకి సెలవే. 1 నుంచి 11 దాకా ఉంటాయి, మన లెక్కకి ఒకటో నంబరు చాలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సాయంత్రం పడమట మబ్బు కమ్మితే మెరుపులు చూసుకోవాలి. మెరుపుకీ ఉరుముకీ మధ్య ముప్పై సెకన్లు లేకపోతే అందరూ ఒడ్డుకి. ఆఖరి ఉరుము విన్న ముప్పై నిమిషాల తర్వాతే మళ్ళీ నీళ్ళలోకి. గుర్తుంచుకోండి, పడవకి అరగంట ముందే కబురు పెట్టాలి, ఎందుకంటే మీ దగ్గర మనిషిని దించడానికే పది నిమిషాలు పడుతుంది.

గాలి వేగం కొలిచే చిన్న యంత్రం ఒకటి కొనండి. గంటకి 18 కిలోమీటర్ల లోపు (పది నాట్లు) అందరికీ. 18 నుంచి 25 మధ్య తెరచాప సగం చుట్టి, అలవాటున్నవాళ్ళు మాత్రమే. 25 దాటితే ఎవరూ వద్దు. యంత్రం లేనప్పుడు కంటి గుర్తు: చెరువు మీద అక్కడక్కడ తెల్ల నురగలు లేస్తున్నాయంటే మొదటి హద్దు దాటినట్టే.

ఆటోనగర్ ఫిట్టర్

రాంపు లెక్క చెప్తాను, రాసుకోండి. వీల్‌చైర్ రాంపు వాలు 1కి 12. అంటే నీళ్ళు అర మీటరు దిగితే ఆరు మీటర్ల రాంపు, మీటరు దిగితే పన్నెండు మీటర్లు. మీ చెరువులో ఏడాదికి మట్టం ఎంత తేడా వస్తుందో తెలియకుండా కొలతలు ఇవ్వకండి. పడవ ఎక్కడానికి నీళ్ళ మీద తేలే వేదిక కావాలి, దానికి రాంపు కట్టేటప్పుడు గట్టు వైపు కీలు, వేదిక వైపు చక్రాలు. చక్రం వేదిక మీద దొర్లుతూ ఉంటుంది, మట్టం మారినా అతుకు విరగదు. రెండు పక్కలా కనీసం ఐదు సెంటీమీటర్ల అంచు ఉండాలి, లేకపోతే ముందు చిన్న చక్రం జారి బయటకి పోతుంది. వెడల్పు 1.2 మీటర్లు తగ్గొద్దు.

తేలే వేదికకి ప్లాస్టిక్ ఘనాలు దొరుకుతాయి, 50 × 50 × 40 సెంటీమీటర్లవి, చదరపు మీటరుకి నాలుగు. చదరపు మీటరుకి 350 కిలోలు మోస్తుందని అమ్మేవాళ్ళు చెప్తారు. ఆ మాట నిజమే, కానీ బరువు అంతటా సమంగా పరిచినప్పుడు. మీ బరువు ఎప్పుడూ అంచునే ఉంటుంది. బ్యాటరీ వీల్‌చైర్ 150, మనిషి 80, సాయం పట్టే ఇద్దరు 140, మొత్తం 370 కిలోలు పడవ పక్కన ఒకటిన్నర చదరపు మీటరులో నిలబడతారు. ఆ ముక్క మోయగలిగింది 525. అంటే డెబ్బై శాతం మునిగి వేదిక వాలిపోతుంది, బ్రేకు వెయ్యని చైర్ నేరుగా నీళ్ళలోకి. అందుకే మూడు మీటర్లకి మూడు మీటర్ల వేదికతో సరిపెట్టొద్దు. నాలుగుకి ఐదు చెయ్యండి, 80 ఘనాలు. ఖరీదే. కానీ రెండో పడవ డబ్బు ఇక్కడ పెట్టండి.

హాయిస్ట్: ఆసుపత్రిలో రోగుల్ని ఎత్తేది తెచ్చి పెడితే తేమకి బ్యాటరీ మోటారు ముందు పోతుంది. మనిషి గాల్లో ఉన్నప్పుడు పోతే ఎట్లా దించుతారు? అందుకే 500 కిలోల చైన్ పుల్లీ, దానికి గట్టు మీద గాని వేదిక నడుమ గాని తిరిగే చెయ్యి ఉన్న స్తంభం. వేదిక అంచున స్తంభం పెట్టకండి, పైన చెప్పిన కారణమే. మీ దగ్గర అందరికంటే బరువైన మనిషి 120 కిలోలు అనుకుంటే 150 కిలోల ఇసుక మూటలు వేలాడదీసి పది నిమిషాలు ఉంచి చూడండి, అంటే ఒకటింపావు వంతు. మూడు నెలలకోసారి మళ్ళీ. వెల్డింగ్ దగ్గర రంగు పగిలి సన్న గీత కనపడితే ఆ రోజే ఆపెయ్యాలి. చెరువు నీళ్ళకి 304 స్టీలు చాలు, ఉప్పునీళ్ళ మాటొస్తే 316 కావాలి.

చెరువుగట్టు

ఫిట్టర్ అన్నా, చాలా సాయం. మాలో ఇద్దరికి చేతుల్లో బలముంది, చైర్‌కీ పడవకీ మధ్య వేసిన బోర్డు మీద జరుగుతూ తామే దిగుతామంటున్నారు. వాళ్ళకీ హాయిస్ట్ పెట్టాలా?

వెన్నెముక వార్డు

ఫిజియోథెరపీ వైపు నుంచి చెప్తానండి. దిగేటప్పుడు బోర్డు మీద దిగొచ్చు. రెండు గంటలు ఎండలో తిరిగొచ్చాక అదే మనిషి భుజాలు అలిసి పోయి, తడిసిన బట్టలతో, వేదిక కంటే కిందున్న సీటు నుంచి పైకి రావాలి. ఎక్కడం కంటే దిగడం సులువని మనం మెట్ల దగ్గర అనుకుంటాం, ఇక్కడ ఎక్కేది తిరుగు ప్రయాణంలో. అందుకే వాళ్ళ కింద కూడా జాలీ స్లింగ్ (హాయిస్ట్ కొక్కేలకి తగిలించే గుడ్డ) వేసి కూర్చోబెట్టండి. వాడకపోతే నష్టం లేదు. వలలాంటి గుడ్డ నీళ్ళు పట్టదు, కానీ మడతలు పడితే చర్మాన్ని ఒత్తుతుంది, కూర్చున్నాక చేత్తో సర్ది మడత తియ్యాలి.

హాయిస్ట్‌తో దించే పద్ధతి. తెరచాప చుట్టేసి ఉండాలి, బూమ్ అవతలి పక్కకి తోసి కట్టాలి. పడవ ముందూ వెనకా రెండు తాళ్ళతో వేదికకి బిగించాలి, ఒకటే తాడు కడితే మనిషి బరువు పడగానే రెండో కొస దూరం జరుగుతుంది. లైఫ్ జాకెట్ చైర్‌లోనే తొడగాలి. స్లింగ్ కొక్కేలు నాలుగూ తగిలించాక పది సెంటీమీటర్లు మాత్రం ఎత్తి ఆగాలి. అక్కడ నాలుగు కొక్కేలూ మళ్ళీ చూడాలి, ఆ మనిషిని అడగాలి: ఎక్కడన్నా ఒత్తుతోందా, ఊపిరి ఆడుతోందా అని. తర్వాతే తిప్పాలి. ఒకరు చైన్ దగ్గర, ఒకరు మోకాళ్ళ దగ్గర, మూడోవాళ్ళు పడవ అంచు పట్టుకుని. మాట్లాడేది ఒక్కరే. "దించు, ఆపు" అని ముగ్గురూ అరిస్తే చైన్ లాగేవాడు ఎవరి మాట వినాలి? పైన అడ్డకమ్మీకి నురగ గుడ్డ చుట్టండి, దించేటప్పుడు నుదుటికి తగిలేది అదే. కూర్చున్నాక జాకెట్ కాళ్ళ మధ్య పట్టీ మళ్ళీ బిగించాలి, స్లింగ్ జరిగినప్పుడు అది వదులవుతుంది. స్పర్శలేని పాదాలకి మెత్తటి బూట్లు తప్పనిసరి. పడవ అడుగున బోల్టు గీసుకున్నా తెలియదు, ఇంటికెళ్ళాక రక్తం చూస్తారు.

జాకెట్ల గురించి అందరూ పొరపాటు పడే చోటు: 50 న్యూటన్ల (తేల్చే బలం లెక్క) జాకెట్ ఈత వచ్చినవాళ్ళకి తోడు మాత్రమే, మొహాన్ని పైకి తిప్పదు. మెడ నిలవనివాళ్ళకీ చేతులు ఆడనివాళ్ళకీ మూర్ఛ ఉన్నవాళ్ళకీ 150 న్యూటన్లది కావాలి. అదీ కొనగానే సరిపోదు. నడుము కింద పక్షవాతం ఉంటే కాళ్ళు తేలతాయి, కాళ్ళు తేలితే ఒళ్ళు పక్కకి దొర్లుతుంది. కాలు తీసేసినవాళ్ళకి బ్యాలెన్స్ ఒక పక్కకి. కృత్రిమ కాలు కొన్ని రకాలు బెండులాగా తేలతాయి, తీసి వెళ్ళడమే మేలు. ఎవరి జాకెట్ వాళ్ళు ఈతకొలనులో, పక్కన ఇద్దరుండగా, వేసుకుని తేలి చూసుకోవాలి. బోర్లాపడేసినా మొహం పైకి వస్తేనే ఆ జాకెట్ ఆ మనిషిది. పేరు రాసి పెట్టండి, సైజు చూసి పంచొద్దు.

నీళ్ళు తగిలితే ఉబ్బే రకం కొంటే సిలిండర్ తూకం వెయ్యండి, దాని మీద బరువు చెక్కి ఉంటుంది. తక్కువ తూగితే గ్యాసు పోయినట్టు. వానాకాలం తేమకి లోపలి బిళ్ళ కరిగి అల్మరాలోనే ఢామ్మని ఉబ్బుతాయి, అదనంగా నాలుగు కిట్లు ఉంచుకోండి.

ఇప్పుడు అసలు భయపడాల్సింది. వెన్నులో టీ6 (ఛాతీ దగ్గరి ఆరో వెన్నుపూస) పైన దెబ్బ ఉన్నవాళ్ళకి దెబ్బ కింద చెమట పట్టదు. నెల్లూరు ఎండలో వాళ్ళ ఒళ్ళు ఇంజన్‌లా కాగుతుంది, వాళ్ళకి తెలియదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా వాళ్ళని పొద్దున తొమ్మిదిలోపే తిప్పి దించెయ్యండి. నీళ్ళు చల్లే సీసా పడవలోనే ఉండాలి. రెండోది, ఉన్నట్టుండి తల బద్దలయ్యే నొప్పి, మొహం ఎర్రబడటం, మెడ మీద చెమటలు. రక్తపోటు పెరిగిపోతోందని గుర్తు. కారణం చాలాసార్లు మూత్రం సంచి నిండటమో, గొట్టం మెలిక పడటమో, పట్టీ బిగుసుకోవడమో. పడుకోబెట్టొద్దు, నిటారుగా కూర్చోబెట్టాలి. పట్టీలన్నీ వదులు చెయ్యాలి, గొట్టం మెలిక తియ్యాలి, సంచి ఖాళీ చెయ్యాలి. తగ్గకపోతే ఆసుపత్రికి. పడవ ఎక్కేముందు సంచి ఖాళీ చేశారా అని అడగడానికి మొహమాటపడకండి.

పడవ సీటు మీద నేరుగా కూర్చోబెట్టొద్దు, వాళ్ళ కుషన్ వాళ్ళకి వెయ్యండి. అరగంటకోసారి ఒక పక్కకి వాలి బరువు తప్పించాలి. మనిషిని పడవకి కట్టేయడం అనేది మాత్రం ఎన్నడూ వద్దు. నడుము నిలవక పట్టీ తప్పనిసరైతే ఒక్క లాగుతో ఊడాలి, ఊడుతుందని ఆ రోజు ఉదయం లాగి చూపించాలి.

నీలికంబి

పడవల సంగతికి వచ్చారు కాబట్టి. ఆస్ట్రేలియాలో పుట్టిన హన్సా 303 అనేది ఇలాంటి సంఘాలు ప్రపంచమంతా ఎక్కువగా వాడేది. పొడవు 303 సెంటీమీటర్లు, పేరు అందుకే. వెడల్పు 1.35 మీటర్లు. ఇద్దరు పక్కపక్కన ఉయ్యాలగుడ్డ సీట్లలో ముందుకి చూస్తూ కూర్చుంటారు. కీల్ 30 కిలోలు. చుక్కానికి పొడవాటి కర్ర ఉండదు, ముందు జాయ్‌స్టిక్ ఉంటుంది. ఎడమకి నొక్కితే ఎడమకే పోతుంది. మామూలు తెరచాప పడవల్లో చుక్కాని కర్ర ఎడమకి తోస్తే పడవ కుడికి పోతుంది గదా, ఆ తికమక ఉండదు. తెరచాప మాస్టుకే (తెరచాప నిలబెట్టే స్తంభం) చుట్టుకుంటుంది, గాలి పెరిగితే తాడు లాగి సగం చుట్టెయ్యొచ్చు. చేతులు కదలనివాళ్ళకి మోటారుతో తాళ్ళు లాగే ఏర్పాటు కూడా ఉంది.

ఒంటరిగా పోటీల స్థాయికి వెళ్ళేవాళ్ళకి 2.4 ఎంఆర్ అనే పడవ. నాలుగు మీటర్ల పైన పొడవు, బరువు 260 కిలోల దాకా, అందులో ఎక్కువ భాగం సీసం. దాన్ని నీళ్ళలో దించడానికి క్రేన్ కావాలి, మీకు ఇప్పుడే వద్దు. పారాలింపిక్స్‌లో సెయిలింగ్ 1996 అట్లాంటాలో ప్రదర్శనగా, 2000 సిడ్నీ నుంచి పతకాల ఆటగా ఉంది. 2016 రియో తర్వాత తీసేశారు. పిల్లల తల్లిదండ్రులకి పారాలింపిక్స్ ఆశ చూపించొద్దు.

ఒక హెచ్చరిక: "ఇది తిరగబడదు" అని ఎవరికీ చెప్పకండి. కీల్ పూర్తిగా దిగి ఉంటే తిరగబడటం చాలా అరుదు. దిగకపోతే అది మామూలు డబ్బా. గుర్రపుడెక్క వేళ్ళు గాని, బురద గాని కీల్ గాడిలో ఇరుక్కుంటే నాలుగు వేళ్ళ ఎత్తులో ఆగిపోతుంది, పై నుంచి చూస్తే దిగినట్టే ఉంటుంది. కీల్ తల మీద ఎర్ర రంగు గీత వేసి, గీత కనపడితే పడవ కదలకూడదని పెట్టుకోండి.

చెరువుగట్టు

దిగుమతి ఖర్చు చూసి గుండె జారింది. మన తీరంలో ఫైబర్ పడవలు కట్టేవాళ్ళున్నారు, వాళ్ళతో చేయిస్తే?

నీలికంబి

వేట పడవని మార్చడం వద్దు. అది అల కోసుకుపోడానికి కట్టింది, అంచు ఎత్తు, లోపల మనిషి నిలబడి పని చేసేట్టు ఉంటుంది, కూర్చుంటే ఏమీ కనపడదు. వాళ్ళ చేతిపనితో కొత్తది కట్టించొచ్చు. చూడాల్సినవి రెండే. బరువు కిందే ఉండాలి, కూర్చునే మనిషి తుంటి నీటి మట్టం కంటే కింద ఉంటే చాలా మేలు. రెండోది, డెక్కు కింద నీళ్ళు పట్టని ఫోమ్ నింపాలి. ఖాళీ గదులు వదిలి "గాలి ఉంటుందిలే" అంటే ఒప్పుకోకండి, చిన్న పగులుకి ఆ గాలి పోతుంది. డెలివరీ తీసుకునేముందు ఇద్దరి బరువు ఇసుక మూటలు వేసి, అంచు దాకా నీళ్ళు నింపి, గంట వదిలెయ్యండి. అంచు నీళ్ళ పైనే ఉంటే డబ్బు ఇవ్వండి.

పడమటిగాలి

ఆ పరీక్ష పెడితే సగం మంది మేస్త్రీలు అడ్వాన్సు తిరిగిచ్చేస్తారు 😀

బల్లకట్టు

రెస్క్యూ బోటు గురించి. పక్కలు పొట్టిగా ఉండేదే కావాలి. నీళ్ళలో పడ్డ మనిషి కాలు పెట్టి ఎక్కలేడు, రెండు చంకలు పట్టి గుంజితే భుజం కీలు జారుతుంది. రెండు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పున్న గట్టి వల తీసుకోండి. ఒక అంచు బోటు పక్కకి బిగించండి, రెండో అంచుకి రెండు తాళ్ళు. వల నీళ్ళలోకి జారవిడిచి, మనిషిని బోటుకి సమాంతరంగా అందులోకి తెచ్చి, తాళ్ళు లాగితే చాప చుట్టినట్టు దొర్లి పైకొస్తాడు. సగం బలం చాలు, ఒళ్ళు అడ్డంగానే ఉంటుంది. వారానికోసారి సాధన చెయ్యండి.

బోటులో ఇద్దరు: ఒకరు నడపాలి, ఒకరు నీళ్ళలో దూకగలగాలి. ఇంజన్ ఆపే తాడు నడిపేవాళ్ళ కాలికి కట్టి ఉండాలి. ప్రొపెల్లర్‌కి చుట్టూ గార్డు. తాడు కోసే కత్తి. మనిషి దగ్గరికి వచ్చాక ఇంజన్ న్యూట్రల్ కాదు, ఆపెయ్యాలి. ఇంజన్ ఉన్న బోటు కాబట్టి 2021 ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్ సంగతి ముందే కనుక్కోండి. నడిపేవాళ్ళకి శిక్షణ కావాలంటే గోవాలోని జాతీయ జలక్రీడల సంస్థ పవర్ బోటు, ప్రాణరక్షణ కోర్సులు నడుపుతుంది. అది నెల్లూరులో ఉన్న ఐఐటీటీఎం (పర్యాటక విద్యా సంస్థ) కుటుంబంలోదే, ముందు ఇక్కడ అడగండి.

రెండు పడవలకి మనుషుల లెక్క: రెస్క్యూలో ఇద్దరు, వేదిక మీద ముగ్గురు, చైర్లూ బాత్రూమూ చూసేవాళ్ళు ఒకరు, డ్యూటీ ఆఫీసర్ ఒకరు. ఏడుగురు. ఆరుగురే వస్తే ఒక పడవ కాదు, రెండూ ఆపాలి. ఎందుకంటే తగ్గించేది ఎప్పుడూ వేదిక మీద మూడో మనిషినే.

జమాఖర్చు

కాగితాలు. 2001 నాటి మన రాష్ట్ర సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు, మీకు తొమ్మిది మంది ఉన్నారు కాబట్టి సరే. జలవనరుల శాఖకీ కలెక్టరుకీ రాసే అర్జీలో 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 30వ సెక్షన్ పేర్కొనండి, దివ్యాంగులు క్రీడల్లో పాల్గొనేలా చూడటం ప్రభుత్వం బాధ్యత అని అందులో ఉంది. దయ అడుగుతున్నట్టు రాయకండి.

కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే) డబ్బు అడిగేటప్పుడు చాలామంది "పారాలింపిక్ క్రీడ" అని రాసి తిప్పలు పడతారు. పైన చెప్పినట్టు అది ఇప్పుడు పారాలింపిక్స్‌లో లేదు. కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో అదే వరసలో ఒలింపిక్ క్రీడలకి శిక్షణ అని కూడా ఉంది, సెయిలింగ్ ఒలింపిక్ క్రీడే. ఆ మాట వాడండి. ఆ డబ్బు తీసుకోడానికి సంఘానికి కావాల్సిన సీఎస్‌ఆర్-1 నమోదు, 80జి అనే పన్ను రాయితీ నమోదు లేకుండా కంపెనీ తలుపు తట్టొద్దు. రెండు వేలు దాటిన నగదు విరాళానికి దాతకి రాయితీ రాదు, ముందే చెప్పండి, తర్వాత గొడవ.

ఇంకొకటి, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల ఇళ్ళల్లో "నిరామయ ఉంది గదా, బీమా ఎందుకు" అంటారు. నిరామయ అనేది కేంద్రం ఇచ్చే ఆరోగ్య బీమా, లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చు చూస్తుంది. పడవ ప్రమాదానికి సంఘం మీద వచ్చే బాధ్యతకి దానికీ సంబంధం లేదు. వ్యక్తిగత ప్రమాద బీమా, సంఘానికి బాధ్యత బీమా వేరే చేయించండి. ప్రతిపాదన ఫారంలో "తెరచాప పడవలు, దివ్యాంగులు" అని తెలుగులోనో ఇంగ్లీషులోనో స్పష్టంగా రాయించండి. "జలవిహారం" అని రాస్తే క్లెయిమ్ రోజు అదే పట్టుకుంటారు.

తాడుముడి

చూపులేని సభ్యుడి కోసం. తెరచాప తాడుకి ముళ్ళు వెయ్యండి: పూర్తిగా బిగించినచోట రెండు ముళ్ళు, గాలి పక్క నుంచి వచ్చేటప్పటి సగానికి ఒకటి. చేతికి తగలగానే తెరచాప ఎక్కడుందో తెలుస్తుంది. దిక్కు గడియారంతో చెప్పాలి, "రెండు గంటల వైపు బుయ్య, పది పడవల దూరం" అని. "అటు, ఇటు" అనకూడదు. గాలి దిక్కు చెంపతో పట్టుకుంటారు కాబట్టి టోపీకి చెవుల మీద పడే గుడ్డ వద్దు. అంధుల పోటీల్లో నలుగురి జట్టు, ఇద్దరు చూపున్నవాళ్ళు. చుక్కానీ పెద్ద తెరచాప తాడూ చూపులేనివాళ్ళ చేతిలోనే ఉంటాయి. కాబట్టి ఆయన్ని పక్క సీటులో ప్రయాణికుడిలా కూర్చోబెట్టొద్దు.

వినపడని సభ్యురాలికి ఈల పనికిరాదు. రెస్క్యూ బోటుకి రెండు రంగుల జెండాలు: పసుపు "నా వైపు చూడు", ఎరుపు "ఒడ్డుకి రా". నీళ్ళలో దిగాక సైగలు నేర్పడం కాదు, గట్టు మీదే ఆరు సైగలు పక్కా చేసుకోవాలి. ఎండ మొహాన పడే దిక్కున బోటు ఉంటే జెండా నల్లగా కనపడుతుంది, రంగు తెలియదు. బోటు ఎప్పుడూ సూర్యుడికి ఎదురుపక్కన ఉండాలి.

కొత్తపట్నం రేవు

డ్యూటీ ఆఫీసర్ అంటే ఎవరు? ఆరోజు ఆపాలా వద్దా అనేది డాక్టరో, నేవీలో చేసినవాళ్ళో చెప్తే బాగుంటుంది గదా.

లంగరుతాడు

బాగుంటుంది కానీ ఏ ఆదివారం వస్తారు? డ్యూటీ ఆఫీసర్‌కి కావాల్సింది గాలి యంత్రం, కాగితం, "వద్దు" అనే నోరు. పరుగెత్తాల్సిన పని లేదు. గట్టు మీద గొడుగు కింద కూర్చుని ఎవరు ఎన్నింటికి దిగారు, ఎన్నింటికి వచ్చారు రాసుకోవాలి. వీల్‌చైర్ వాడే సభ్యులే ఆ పనికి సరైనవాళ్ళు. వేదిక మీద వాళ్ళకి కదిలే చోటు తక్కువ, ఇక్కడ మొత్తం చూపు వాళ్ళది. సంఘం అధ్యక్షుడు, స్పాన్సరు, విలేకరి, ఎవరొచ్చి అడిగినా ఆ రోజు ఆ ఒక్కరి మాటే. దాన్ని బైలాలోనే రాయండి.

చెరువుగట్టు

రాస్తున్నాం. రెండు పడవలు కాదు, ఒకటే. మిగతా డబ్బు వేదికకీ హాయిస్ట్‌కీ. ఆఖరి ప్రశ్న: పడవ దించేముందు ఆ రోజు చూడాల్సినవాటిలో ఎక్కువగా మర్చిపోయేది ఏది?

నీలికంబి

బిరడా. పడవ వెనక అడుగున నీళ్ళు వదిలే చిల్లులుంటాయి. ఆరబెట్టడానికి తీసి గట్టు మీద పెడతారు, పెట్టడం మర్చిపోతారు. పది నిమిషాల దాకా తెలియదు, తర్వాత పడవ బరువెక్కి తిప్పినా తిరగదు. బిరడాకి అరగజం తాడు కట్టి, రెండో కొస కీల్ పిడికి ముడేసి ఉంచండి. పిడి పట్టుకోకుండా కీల్ దించలేరు, అప్పుడు బిరడా చేతికి తగులుతుంది.